గంజి తీసిన గుడ్డ

"ఏ రంగు కావాలండీ?"

"రంగు వద్దండీ."

"జరీ?"

"అసలొద్దు."

"పోనీ చెక్స్ చూపించమంటారా? ఈ మధ్య కాలేజీ అమ్మాయిలందరూ అవే తీసుకుంటున్నారు."

"ఏమీ లేని ఉత్త తెల్ల నూలు గుడ్డ చాలండీ. అర మీటరు."

మంగళగిరిలో మగ్గాల వీధి చివర ఉన్న ఆ చిన్న కొట్లో, కౌంటరు వెనకాల కుర్రాడు తానులోంచి తలెత్తి ఆమెను ఎగాదిగా చూశాడు. కళ్ళజోడు, భుజానికి బరువైన బ్యాగు, చేతిలో స్కేలు. గుడ్డ కొనడానికి స్కేలు తెచ్చుకున్న మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"అర మీటరుతో ఏం కుట్టించుకుంటారండీ? కర్చీఫులా?"

"కుట్టించుకోనండీ. కాలుస్తాను."

కత్తెర గాల్లో ఆగిపోయింది.

"ఏం చేస్తారూ?"

"కాలుస్తానండీ. తొమ్మిది వందల డిగ్రీల దగ్గర, గాలి తగలకుండా." అత్తెసరు పెడతానన్నంత మామూలుగా చెప్పింది.

సుస్మితకి అబద్ధం చెప్పడం చేతకాదు. అది ఆమె గుణమో జబ్బో ఆమెకే తెలియదు. పామర్రు దగ్గర కౌలుకి వరి పండించే వెంకటప్పయ్య ఒక్కగానొక్క కూతురు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఇప్పుడు బెజవాడ అంచున ఒక యూనివర్సిటీలో బ్యాటరీల మీద పీహెచ్‌డీ చేస్తోంది, మూడో ఏడు.

కుర్రాడు కత్తెర కింద పెట్టాడు.

"మేడం, లోపల్నించి టకటకా చప్పుడు వినిపిస్తోందా? అది మా అమ్మ. పొద్దుటి నుంచీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తోంది. నువ్వు నేసింది కాల్చేవాళ్ళకి అమ్మానే అని ఆవిడకి నేను ఏ నోటితో చెప్పమంటారు? కాల్చుకోడానికైతే ఇంట్లో పాత లుంగీలుంటాయి, వెళ్ళి చూసుకోండి."

"పాత లుంగీ పనికిరాదండీ, ఒకటి కాల్చి చూశాం. మీ నేతలో పోగుకీ పోగుకీ మధ్య సందులుంటాయి. నాకు ఆ సందులే కావాలి."

"సందులున్నాయని మా నేతనే అంటున్నారా?"

"తిట్టడం లేదండీ, మెచ్చుకుంటున్నాను!"

లోపల మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

సుస్మిత బ్యాగు కౌంటరు మీద పెట్టేసింది. ఇక్కడినుంచి ఉత్త చేతుల్తో వెళ్తే ఇంకో వారం పోయినట్టే. "మీ ఫోన్ రోజుకి ఎన్నిసార్లు చార్జింగ్ పెడతారండీ?"

"రెండుసార్లు. దానికీ దీనికీ ఏంటి?"

"లోపల లిథియం లోహాన్నే నేరుగా పెట్టగలిగితే అంతే బరువున్న బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది. కానీ దానికో చెడ్డ అలవాటుంది. పెళ్ళి భోజనాల దగ్గర ఒక్క తలుపే తెరిస్తే ఏమవుతుంది?"

"తొక్కిసలాట."

"లిథియం కూడా అంతే. చార్జింగ్ పెట్టినప్పుడు ఎక్కడ కాస్త మిట్టగా ఉంటే అక్కడికే అంతా పరిగెత్తుకొచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. ముల్లులా పెరుగుతుంది. దాన్నే డెండ్రైట్ అంటాం. ఆ ముల్లు మధ్యలో ఉన్న పల్చటి తెరని పొడుచుకుని అవతలకి పోయిందా, షార్ట్ సర్క్యూట్. బ్యాటరీ ఖతం. ఒక్కోసారి మంటలు కూడా."

"మరి నా గుడ్డేం చేస్తుంది?"

"గాలి తగలకుండా కాలిస్తే గుడ్డ బూడిదవదు. పోగు పోగూ అలాగే ఉండి నల్లటి కార్బన్ గుడ్డ అవుతుంది. దాన్నిండా గదులే. ఒక్కో గదిలో కాస్త కాస్త సర్దుకుని కూర్చుంటే ఇంక తోపులాటెందుకు? ముల్లెందుకు మొలుస్తుంది?"

అతను కాసేపు తెల్ల తానుని వేళ్ళతో నిమిరాడు.

"బూడిదవదుగా?"

"అవదండీ. మైక్రోస్కోపులో ఫొటో తీసి పంపిస్తాను."

"పంపించకపోతే మా అమ్మని వెంటబెట్టుకుని మీ ల్యాబుకొస్తాను. ఆవిడ నాలాగా మెత్తగా మాట్లాడదు." గుడ్డ చించి కాగితంలో చుట్టాడు. "నా పేరు చక్రి. నంబరు రాసుకోండి, కాల్చే మేడం."

*

పదో రోజున ఫొటో వెళ్ళింది. నల్లటి పోగులు, వాటిని దాటుకుంటూ ఇంకో వరస పోగులు, మధ్యలో చదరంగా కిటికీలు.

నిమిషంలో జవాబొచ్చింది. "అమ్మ చూసింది. ఎడం పక్క పోగు లాగినట్టుంది, ఆరోజు భుజం నొప్పిగా ఉండిందంటోంది. బాగా చదువుకోమంది."

సుస్మిత ల్యాబులో పైకే నవ్వేసింది. పక్క బల్ల దగ్గర జెస్సికా తలెత్తింది. భవానీపురం హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది, ల్యాబులో ఒకటే బెంచీ. దాచడానికి చోటు తక్కువ.

"ఏంటే, గ్రాఫు చూసి నవ్వుతున్నావ్?"

"ఏం లేదే. గుడ్డ బాగా వచ్చింది."

"గుడ్డా, గుడ్డల కొట్టు అబ్బాయా?"

ఆ గుడ్డతో చేసిన సెల్ రూపాయి బిళ్ళంత ఉంటుంది. అంతకుముందు మామూలు రాగి రేకుతో చేసినవన్నీ చార్జింగులో ఎనభై, తొంభై గంటలకే షార్టై చచ్చిపోయేవి. ఇది రెండొందలు దాటింది. నాలుగొందలు దాటింది. ఆరొందల గంటల దగ్గర కూడా కంప్యూటర్ తెర మీద వోల్టేజీ గీత తొణక్కుండా నడిచింది.

గైడు రామకోటేశ్వరరావు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆ గీతనే చూశారు. "బాగుందమ్మా. కానీ ఒక్కసారి వస్తే కబురు. మూడుసార్లు వస్తేనే ఫలితం. నలభై రోజుల్లో నీ రివ్యూ కమిటీ. మూడు సెల్స్, మూడొందల గంటలు దాటించు. లేదా టాపిక్ మార్చుకో."

టాపిక్ మారిస్తే రెండేళ్ళ పని గంగలో కలిసినట్టే. స్కాలర్‌షిప్పు ఉన్నది ఇంకో ఏడాదే. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా వెంకటప్పయ్య అడిగేది ఒకటే: "అమ్మలూ, మన బ్యాటరీ ఎందాకా వచ్చిందే? చేలో మందు కొట్టే స్ప్రేయర్ సగం గట్టుకే నీరసించిపోతోంది. ఊళ్ళో అందరికీ చెప్పా, మా అమ్మాయి చేసేది వస్తుంది, రెండు రోజులైనా ఆగదని."

ఆమె ఆ శనివారమే అమ్మ పంపిన సున్నుండల డబ్బాతో మంగళగిరి బస్సెక్కింది.

కొట్టు దాకా పోలేకపోయింది. వీధి పొడుగునా పడుగు సాగదీసి కట్టి ఉంది, వందల తెల్ల పోగులు ఎండలో తళతళలాడుతూ. చక్రి లుంగీ మడిచి కట్టి, బకెట్లోంచి ఏదో చిక్కటిది తీసి పోగులకి పట్టిస్తున్నాడు.

"ఏంటండీ అది?"

"గంజి. ఇది పట్టకపోతే మగ్గం మీద పోగులు తెగుతాయి. దగ్గరికి రాకండి, అంటుకుంటుంది."

ఆ మాట పూర్తి కాకుండానే చినుకు పడింది. ఇంకోటి. వీధంతా కేకలు. తడిస్తే రోజు పని పోతుంది. సుస్మిత సున్నుండల డబ్బా అరుగు మీద పెట్టి, ఎవరూ చెప్పకుండానే పడుగు అవతలి కొస పట్టుకుంది.

"చుట్టండి, చుట్టండి! మీ వైపు లాగకండి, నా వైపు రండి!"

"వస్తున్నా కదండీ!"

చుట్టుకుంటూ చుట్టుకుంటూ ఇద్దరూ వసారాలో ఎదురెదురుగా తేలారు. చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి. పడుగు తడవలేదు, వాళ్ళిద్దరే తడిశారు. సుస్మిత కళ్ళజోడు తుడుచుకుంది. చేతికున్న గంజంతా అద్దాలకి పూసుకుంది.

"ఏమీ కనిపించడం లేదు," అంది కంగారుగా.

"కదలకండి." అతను భుజం మీది తువ్వాలు కొసతో అద్దాలు నెమ్మదిగా తుడిచి, మళ్ళీ ఆమె చెవుల మీద సర్దాడు. "ఇప్పుడు?"

ఇప్పుడు అతని మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఆ సంగతి మాత్రం, అబద్ధం చేతకాని సుస్మిత, చెప్పకుండా దాచుకుంది.

వెళ్ళేటప్పుడు గుడ్డ అడిగితే, వెంటనే ఇవ్వకుండా రెండు రోజులు ఆగి రమ్మన్నాడు. వచ్చి తీసుకుంటే పొట్లం మెత్తగా ఉంది, పసిపిల్ల బుగ్గలా.

"ఈసారిది ఎంత మెత్తగా ఉందండీ!"

"మీకనే," అన్నాడు చక్రి. అనేసి, ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

*

మొదటి సెల్ తొంభై గంటలకి పోయింది. రెండోది డెబ్భై. మూడోది ఎనభై ఐదు.

కొలతలు అవే. కొలిమి అదే. స్పిరిట్‌తో కడగడం, ఆరబెట్టడం, అన్నీ అవే. సుస్మిత నోట్‌బుక్కు మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివింది. తప్పెక్కడుందో దొరకలేదు. ఈ సంగతి చక్రికి చెప్పలేదు కూడా. "ఎలా ఉన్నాడు మా గుడ్డబ్బాయి?" అని అతను మెసేజ్ పెట్టినప్పుడల్లా "నడుస్తోందండీ" అని సరిపెట్టింది. మీ అమ్మ నేసింది పనికిరావడం లేదని ఎలా చెప్తుంది?

"అన్నీ ఒకటే అయితే గుడ్డే వేరయ్యుండాలి," అంది జెస్సికా. "మొదటిది గరుగ్గా ఉందన్నావ్. తర్వాతది మెత్తగా ఉందన్నావ్. పవర్‌లూమ్ గుడ్డ అంటగట్టాడేమోనే."

"అతను అలాంటివాడు కాదు."

"ఎలాంటివాడో ఒక పేజీ రాయి, థీసిస్‌లో కలిపేద్దాం. ముందెళ్ళి అడుగు. ఇరవై రోజులే ఉంది."

సుస్మితకి అడగాలని లేదు. అడక్కుండా ఉండడమూ రాదు. మర్నాడు మధ్యాహ్నం కౌంటరు ముందు నిలబడి, మిగిలిన ముక్క తీసి, ఉన్నదున్నట్టు అడిగేసింది.

"చక్రి గారూ, ఏమీ అనుకోకండి. ఇది మగ్గం మీద నేసిందేనా?"

అతని మొహంలో నవ్వు ఆరిపోయింది. లోపల మగ్గం కూడా ఆగింది, ఈసారి మళ్ళీ మొదలవలేదు.

"మీరు ఇంకో కొట్టు చూసుకోండి, సుస్మిత గారూ."

ఎప్పుడూ 'కాల్చే మేడం' అనేవాడు. మొదటిసారి పేరు పెట్టి పిలిచింది ఇలాగా, అనుకుంది ఆమె. కళ్ళు చెమర్చాయి. "నా సెల్స్ మూడూ పోయాయండీ. మీకు చెప్పలేక చెప్పలేదు. కారణం తెలియకపోతే నా చదువే ఆగిపోతుంది. అందుకే అడిగాను, అనుమానించి కాదు."

"అదీ అనుమానమేనండీ. మర్యాదగా అడిగిన అనుమానం."

"ఏదీ, ఆ ముక్క ఇలా తే తల్లీ," అంటూ చక్రి తల్లి సుబ్బరత్నం గుమ్మంలోకొచ్చింది. మగ్గం గుంటలోంచి లేచి వచ్చిన మోకాళ్ళు ఇంకా నిటారుగా నిలవడం లేదు. ముక్కని వేళ్ళ మధ్య నలిపింది. వెలుతురుకేసి పట్టింది. "నా చేతి నేతే." మళ్ళీ నలిపి కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్. గంజేదిరా దీనికి?"

చక్రి తానులు సర్దడం మొదలెట్టాడు.

"నిన్నేరా. ఉడకేసి ఉతికావా?"

"ఊఁ."

"ఎన్నిసార్లు?"

"మూడు."

సుబ్బరత్నం ఆ ముక్కనీ, కొడుకునీ, ఆ అమ్మాయినీ వరసగా చూసింది. మెల్లగా నవ్వు పెదాల మీదికి పాకింది.

"మా అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి తల్లీ. కొట్లో అమ్మేదానికి గంజి ఉంచుతాం, పెళపెళలాడుతూ కంటికి బావుంటుందని. ఇంట్లో మనిషికిచ్చే గుడ్డకి మాత్రం గంజంతా తీసేసి, మెత్తగా చేసి ఇస్తాం. ఒంటికి గుచ్చుకోకూడదని. మొదటిసారి నువ్వు బేరానికొచ్చావు, గంజి గుడ్డే ఇచ్చుంటాడు. తర్వాత..."

"అమ్మా, ఇంక ఆపు," అన్నాడు చక్రి. చెవులు ఎర్రబడ్డాయి.

సుస్మితకి మాత్రం ఆ కథలో ఒక్క మాటే వినిపించింది.

"మొదటి ముక్కకి గంజి ఉందా?"

"ఉండదా మరి?"

"స్పిరిట్‌కి గంజి కరగదు! నేను కడిగినా పోలేదు! గంజితో పాటే కాలింది!" కౌంటరు మీద అరచేత్తో కొట్టింది. "చక్రి గారూ, నాకు గంజి గుడ్డ కావాలి. ఇప్పుడే. మీరు బయటివాళ్ళకిచ్చేదే ఇవ్వండి. ఇంకెప్పుడూ ఉతికి ఇవ్వకండి!"

చక్రి మీటరు గుడ్డ చించి, ఆమె వైపు చూడకుండా చుట్టి ఇచ్చాడు. ఆమె బస్సు కోసం పరిగెత్తింది.

బస్సు వారధి ఎక్కింది. కింద కృష్ణ నిండుగా ఉంది. కిటికీలోంచి గాలి మొహానికి కొట్టేసరికి, అప్పుడు, సుబ్బరత్నం చెప్పిన మిగతా మాటలు ఒక్కొక్కటిగా వచ్చి కూర్చున్నాయి. ఇంట్లో మనిషికి. గుచ్చుకోకూడదని. మూడుసార్లు.

"అయ్యో," అంది పైకే. పక్కసీటు పెద్దావిడ "పర్సు పోయిందా అమ్మా?" అని అడిగింది.

ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది: "చక్రి గారూ, మొదట గంజే అర్థమైంది. రెండోది ఇప్పుడే అర్థమైంది. నేను మొద్దుని. మగ్గం మీద నేసిందేనా అన్న మాటకి క్షమించండి."

చాలాసేపటికి జవాబు: "ముందు మీ సెల్స్ సంగతి చూడండి. రెండోది ఎక్కడికీ పోదు."

*

ఆ తర్వాత ఆమె మెసేజుల్లో మాటలు లేవు, అంకెలే. ఈసారి మూడు సెల్స్ ఒకేసారి పెట్టింది.

"100. మూడూ ఉన్నాయి."

అతన్నుంచి ఒక బొటనవేలు బొమ్మ.

"200. మూడూ."

"అమ్మ సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది. లిథియం ఏ దేవుడి కింద వస్తుందో తెలీక."

"300. మూడూ!"

ఈసారి జవాబు రాలేదు. ఫోనే మోగింది. ఎత్తితే అవతల మాటల్లేవు, వెనకాల మగ్గం చప్పుడొకటే. ఇద్దరూ కాసేపు దాన్నే విన్నారు.

కమిటీ ముందు సుస్మిత మైక్రోస్కోపు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. ఉతికిన గుడ్డలో పోగులు నున్నగా ఉన్నాయి. లిథియం లోపలికి దిగకుండా పైపైనే పేరుకుని ముళ్ళుగా పెరిగింది. గంజి గుడ్డలో ప్రతి పోగు చుట్టూ సన్నటి చిల్లుల గరుకు పొర ఉంది. లిథియం దాన్ని పట్టుకుని లోపలి గదుల్లోకంటా సర్దుకుంది.

"ఇది ఎలా తట్టిందమ్మా నీకు?" అని అడిగారు రామకోటేశ్వరరావు గారు.

"నాకు తట్టలేదు సార్. మంగళగిరిలో సుబ్బరత్నం గారని, నేత నేస్తారు. ఆవిడ చేత్తో పట్టుకుని చెప్పారు."

ఆయన తలూపి, "పేపర్లో ఆవిడ పేరు వెయ్యి," అన్నారు.

ఆ సాయంత్రమే కొట్టు. జల్లు పడి వెలిసింది, వీధి గచ్చంతా అద్దంలా ఉంది. చక్రి కౌంటరు వెనకాలే ఉన్నాడు, మొదటి రోజు నిలబడ్డ చోటే.

"ఏం కావాలండీ?" అన్నాడు, ముఖం సీరియస్‌గా పెట్టి.

"గుడ్డ. బ్యాటరీకి ఐదు మీటర్లు. గంజితో."

రాసుకున్నాడు. "ఇంకా?"

"నాక్కొంచెం కావాలి." ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "నాకు మాత్రం గంజి తీసింది. మూడుసార్లు ఉతికింది."

పెన్ను ఆగింది.

"ఎంత?"

"అర మీటరు."

"చాలదు," అన్నాడు చక్రి. "ఆరు గజాలు పడుతుంది. ఈసారి రంగు కూడా చెప్పాలి. జరీ వద్దంటే అమ్మ ఒప్పుకోదు."

లోపల మగ్గం ఆగి చాలాసేపయిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

*

సుస్మిత ఆదివారం ఫోన్లో నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పేసింది. గంజి సంగతీ, గుడ్డ సంగతీ, కుర్రాడి సంగతీ. వెంకటప్పయ్య చాలాసేపు ఊఁ కొట్టాడు. చివరికి, "మనం వ్యవసాయం, వాళ్ళు మగ్గం. అలవాట్లు వేరే కదమ్మా," అన్నాడు. "సరే. ఓసారి చూసొస్తా. మాటివ్వను, చూసొస్తా."

బుధవారం వచ్చాడు. బస్సు దిగి చెప్పులు కొట్టు బయటే విడిచాడు. కౌంటరు ముందు కూర్చోకుండా నేరుగా మగ్గం దగ్గరికెళ్ళి, గుంట లోతు చూశాడు, పోగుల్ని ముట్టుకోకుండా దగ్గరగా వంగి చూశాడు.

"రోజంతా నడుం ఇట్లా వంగే ఉంటుందా అమ్మా?" అని సుబ్బరత్నాన్ని అడిగాడు.

"అవునన్నయ్యగారూ. నాట్లేసేటప్పుడు మీకూ అంతేగా."

"అంతే," అన్నాడాయన. ఆ మాటతో ఏదో కొంచెం సడలింది.

భోజనానికి లేస్తే చక్రి చెంబుతో నీళ్ళు పోశాడు. కంగారులో సగం నీళ్ళు ఆయన పాదాల మీదే పడ్డాయి. సుబ్బరత్నం లోపలికెళ్ళి ఒక తెల్ల తువ్వాలు తెచ్చి రెండు చేతులతో అందించింది.

వెంకటప్పయ్య మొహం తుడుచుకోబోయి ఆగాడు. తువ్వాలు కొసని బొటనవేలితో నలిపి చూశాడు, వరి గింజ పాలు పోసుకుందో లేదో చూసినట్టు. ఆ దూరం నుంచే సుస్మితకి తెలుస్తోంది, అది పెళపెళలాడడం లేదు.

"మెత్తగా ఉందే," అన్నాడు వెంకటప్పయ్య. "ఇది బయటివాళ్ళకిచ్చే రకం కాదంట కదా. మా అమ్మాయి చెప్పింది."

ఆయన తీరిగ్గా మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. తర్వాత తువ్వాలు తిరిగివ్వకుండా దులిపి, మడతపెట్టి, భుజం మీద వేసుకున్నాడు.

"ఇది నాతో తీసుకెళ్తా చెల్లెమ్మా."

పామర్రులో ఆయన అందర్నీ 'అమ్మా' అంటాడు. 'చెల్లెమ్మా' అనడం సుస్మిత ఎప్పుడూ వినలేదు. చెల్లెలి కొడుకు ఏమవుతాడో లెక్కేసుకుని చక్రి చేతిలోని చెంబు గట్టిగా పట్టుకున్నాడు, మిగతా నీళ్ళు కూడా పడిపోకుండా.

వెంకటప్పయ్య విస్తరి ముందు కూర్చుని, నిలబడే ఉన్న కుర్రాడికేసి తలెత్తాడు.

"కూర్చో అల్లుడూ. మీ అమ్మా నువ్వూ కలిసి ఆ గంజి గుడ్డేదో గబగబా నేసి మా పిల్లకియ్యండి. అవతల నా స్ప్రేయర్ సగం గట్టుకే ఆగిపోతోంది."